ఆ గట్టు కూడా దేవుని చిత్తమేనా?

వర్షాకాలం వచ్చిందంటే మన పత్రికకు వచ్చే ప్రార్థన విన్నపాల తీరు మారిపోతుంది. వేసవిలో పెళ్లి సంబంధాలు, పిల్లల సీట్లు, వీసాలు. జూలై దాటితే అన్నీ నీళ్ల గురించే. ఎర్రకాలువ పొంగి ఊడ్చిన చేలు మునిగాయని తాడేపల్లిగూడెం చుట్టుపక్కల రైతులు రాస్తారు. ఏలూరు వారికి తమ్మిలేరు భయం. కైకలూరు, మండవల్లి వైపు లంక గ్రామాల నుంచి వచ్చే మెసేజ్‌లైతే దాదాపు ఒకేలా ఉంటాయి: దారి మునిగింది, పడవల మీద తిరుగుతున్నాం, ప్రార్థించండి. చాలావాటి చివర ఒకే మాట కనిపిస్తుంది. అంతా దేవుని చిత్తం.

ఈ వారం ఆ మాట దగ్గర కాసేపు ఆగుదాం. అది విశ్వాసం పలికించిన మాటే కావచ్చు. కానీ అదే మాట ఎవరి నోట వస్తోంది, ఎవరిని ఉద్దేశించి వస్తోంది అన్నదాన్ని బట్టి దాని అర్థం పూర్తిగా మారిపోతుంది. ఈ తేడాను మన సంఘాలకు మేము సరిగా బోధించలేదు. అది ముందుగా ఒప్పుకుంటున్నాం.

2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదట్లో కురిసిన వాన ఎవరూ మరచిపోలేదు. బుడమేరు డైవర్షన్ కాలువకు గండ్లు పడ్డాయి. విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవహించింది. బుడమేరు నీటిని కృష్ణలోకి మళ్లించాలన్నా కృష్ణే నిండి ఉంది. గండ్లు పూడ్చడానికి సైన్యం రావలసి వచ్చింది. టీవీ కెమెరాలన్నీ విజయవాడలోనే ఉన్నాయి. అక్కడి నీరు తగ్గుతుంటే ఆ నీరే దిగువకు, కొల్లేటికి చేరి, లంక గ్రామాల దారులు ఒక్కొక్కటిగా మూసుకుపోవడం రాష్ట్రంలో చాలామందికి తెలియనే తెలియదు. ఏలూరు-కైకలూరు రోడ్డు మీద చినఎడ్లగాడి దగ్గర నీరు పారుతుంటే బళ్లు వెనక్కి తిరిగాయి.

కొల్లేరు ఎందుకు ఉందో మన పెద్దలకు తెలుసు. కృష్ణా డెల్టాకూ గోదావరి డెల్టాకూ మధ్య దేవుడు అమర్చిన పెద్ద పళ్లెం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో మురుగు కాలువలు తెచ్చి పోసే నీటిని కొన్నాళ్లు తనలో ఉంచుకొని, ఉప్పుటేరు మీదుగా నెమ్మదిగా సముద్రంలోకి విడుస్తుంది. బయటికి పోయే దారి ఆ ఒక్క ఉప్పుటేరే. పళ్లెం వెడల్పుగా ఉన్నంతకాలం నీరు పరుచుకుంటుంది, మనుషులు బతుకుతారు. పళ్లెంలో గట్లు కట్టి చేపల చెరువులు చేస్తే నీరు పరుచుకోవడానికి చోటుండదు, ఉప్పుటేటి వరకు పోవడానికి దారీ ఉండదు. దానికితోడు వంతెనల ఖానాలకు అడ్డంపడే గుర్రపు డెక్క, ఉప్పుటేటిలో మేట. అప్పుడు నీరు వెనక్కి తన్ని పేదవాడి గుమ్మం ఎక్కుతుంది.

ఇందులో రహస్యం ఏమీ లేదు. 1970ల్లో ప్రభుత్వమే సహకార సంఘాల పేరుతో చెరువులు తవ్వించింది. ఉద్దేశం మంచిదే, పేద మత్స్యకారులకు బతుకుతెరువు చూపడం. చెరువులు మెల్లగా పెట్టుబడి పెట్టగలిగినవారి చేతుల్లోకి పోయాయి, సంఘ సభ్యులు లీజు డబ్బులకు సంతకాలు పెట్టేవారయ్యారు. 1999లో ఐదో కాంటూరు వరకు, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్లను, వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో కొల్లేరు చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మీద వందలాది చెరువుల గట్లను తవ్వి, కొన్నిచోట్ల పేల్చి తీసివేశారు. ఆ తర్వాత ఏళ్లలో చాలా గట్లు మళ్లీ లేచాయి. హద్దును మూడో కాంటూరుకు తగ్గించాలన్న డిమాండ్ ప్రతి ఎన్నికలకూ వినిపిస్తూనే ఉంది. పార్టీలు మారాయి గాని హామీ మారలేదు.

ఆ సెప్టెంబరులో ఒక లంకకు పడవ మీద బియ్యం, దుప్పట్లు తీసుకువెళ్లాం. పేరు వద్దు. ఒక విధవరాలి ఇల్లు మోకాలి లోతు నీళ్లలో ఉంది. మంచం మీద మంచం వేసి పైన పొయ్యి పెట్టుకుంది. మేము అలవాటుగా అన్నాం: ‘బాధపడకమ్మా, దేవుని చిత్తం లేకుండా ఏదీ జరగదు.’ ఆమె కోప్పడలేదు. నీళ్ల అవతలికి చెయ్యి చూపించి అడిగింది: ‘అవునయ్యగారూ. వాన దేవుడిదే. ఆ గట్టు కూడా ఆయనే వేశాడంటారా?’

మేము జవాబు చెప్పలేదు. ప్రార్థన చేసి పడవెక్కాం.

సెమినరీలో మేము ఈ ప్రశ్నను వేరే పేర్లతో చదువుకున్నాం. మనిషి చిత్తం స్వతంత్రమైనదని ఎరాస్మస్ 1524లో రాస్తే, అది పాపానికి బందీ అని లూథర్ 1525లో జవాబిచ్చాడు. కాల్విన్ వారసులూ అర్మీనియస్ వారసులూ డోర్ట్ మహాసభ నుంచి నేటి వరకు వాదించుకుంటూనే ఉన్నారు. పరీక్షల్లో రెండు పక్షాలనూ రాసి మార్కులు తెచ్చుకున్నాం. కానీ ఆ పక్షాల్లో ఏదీ, ఎంత గట్టి కాల్విన్ శిష్యుడైనా సరే, దేవుడు సార్వభౌముడు గనుక మనిషికి లెక్క లేదని చెప్పలేదు. సమస్తాన్నీ దేవుడే నిర్ణయించాడని రాసిన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణమే, ఆయన పాపానికి కర్త కాడనీ, ఆయన నిర్ణయం మనుషుల చిత్తాన్ని బలవంతం చేయదనీ అదే వాక్యంలో చేర్చింది. మన గ్రామాల్లో వినిపించే ‘అంతా దేవుని చిత్తం’ అన్నది చాలాసార్లు కాల్విన్ దగ్గర నుంచి వచ్చింది కాదు. మన తాతల నాటి తలరాతకే మనం బాప్తిస్మమిచ్చి పేరు మార్చుకున్నాం.

లేఖనం ఎలా మాట్లాడుతుందో చూడండి. ఆదికాండం 50లో యోసేపు తన అన్నలతో చెప్పిన మాట మనందరికీ కంఠతా వచ్చు. మీరు కీడు తలపెట్టారు, దేవుడు దాన్ని మేలుకు తిప్పాడు అన్న భావం. మేము ఎన్నో ఏళ్లు ఈ వచనం మీద ప్రసంగించిన తర్వాత గాని ఒక చిన్న విషయం గమనించలేదు. ఆ మాట అన్నది గుంటలో పడినవాడు, పడేసినవాళ్లు కాదు. అదే మాటను యూదానో షిమ్యోనో ‘తమ్ముడూ, నిన్ను అమ్మడం దేవుని చిత్తమే కదా, చూడు ఎంత పైకొచ్చావో’ అని ఉంటే దాన్ని విశ్వాసం అని ఎవరంటారు? బుకాయింపు అంటారు. యోసేపు కూడా వారి కీడును కీడనే పిలిచాడు, దాన్ని తుడిచివేయలేదు.

యోబు కూడా అంతే. ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ యెహోవాయే అని ఆయన నేలమీద పడి ఒప్పుకున్నాడు. కానీ ఎద్దులను తోలుకుపోయింది షెబాయీయులు, ఒంటెలను దోచింది కల్దీయులు. యోబు నోట ఆరాధనగా వచ్చిన మాట ఆ దొంగల నోట వస్తే దూషణ. యెషయా 10లో అష్షూరు రాజు దేవుని చేతి కర్ర. అయినా ఆ రాజు గర్వానికి దేవుడు అతన్ని శిక్షిస్తానంటాడు. పెంతెకొస్తు రోజున పేతురు ఒకే ఊపిరిలో రెండు సంగతులు చెబుతాడు: యేసు అప్పగింపబడడం దేవుని సంకల్పం ప్రకారం జరిగింది, ఆయనను చంపింది మీరు. విన్నవారు ‘సంకల్పం అయితే మేమేం చేయగలం’ అనలేదు. గుండెలో పొడిచినట్టయి ‘ఇప్పుడు మేమేం చేయాలి’ అని అడిగారు.

ఈ తేడా న్యాయస్థానాలకు కూడా తెలుసు. చట్టంలో ‘యాక్ట్ ఆఫ్ గాడ్’ అనే మాట ఉంది. మనిషి ఊహకూ జాగ్రత్తకూ అందని విపత్తు వస్తే బాధ్యత ఉండదని దాని అర్థం. స్కాట్లాండులోని గ్రీనాక్ పట్టణంలో మునిసిపాలిటీ వారు పిల్లలు ఆడుకునే కొలను కోసం ఒక వాగు సహజ దారిని మార్చారు. అసాధారణమైన వాన కురిసింది, నీరు రైల్వే ఆస్తిని పాడుచేసింది. ఇది దైవకార్యం, మా తప్పు కాదని వారు వాదించారు. 1917లో బ్రిటన్ ప్రభువుల సభ ఆ వాదన ఒప్పుకోలేదు. వాగు దారిని అడ్డగించినవాడు, వాగు ఇదివరకు మోసినంత సురక్షితంగా నీటిని మోసే ఏర్పాటు చేయాలి, లేకపోతే నష్టం భరించాలి అని తీర్పు. బుడమేరు కట్టల మీద ఇళ్లకు అనుమతులిచ్చినవారూ, కొల్లేట్లో గట్లు లేపినవారూ, చూసీ చూడనట్టు ఊరుకున్నవారూ చదవాల్సిన తీర్పు ఇది.

2022 అక్టోబరు 30న గుజరాత్‌లోని మోర్బీలో తీగల వంతెన తెగి 135 మంది చనిపోయారు. దాని నిర్వహణ చూసే కంపెనీ మేనేజరు ఒకరు కోర్టులో, అది భగవంతుని ఇచ్ఛ అన్నారని పత్రికలన్నీ రాశాయి. దేశమంతా అసహ్యించుకుంది. మనమూ అసహ్యించుకున్నాం. మరి మన పుల్పిట్ మీద నుంచి అదే మాట ఎన్నిసార్లు వినిపించలేదు?

ఇక దీనికి ఎదురుగా ఉన్న ఇంకో పొరపాటు. 2020 డిసెంబరు 5న ఏలూరు వన్ టౌన్ ప్రాంతంలో జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లో 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. పురుగు మందుల అవశేషాలే ప్రధాన కారణమై ఉండవచ్చని తర్వాత నిపుణులు అభిప్రాయపడ్డారు. కానీ ఆ నివేదికలు రాకముందే మన బోధకుల్లో కొందరి నివేదిక యూట్యూబ్‌లో వచ్చేసింది: ఇది ఏలూరు పాపాలకు తీర్పు, అంత్యదినాల సూచన. మూర్ఛపోయి ఆసుపత్రి వరండాలో పడుకున్న పిల్లల తల్లులు అది విన్నారు.

సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు వాళ్లు మిగతావారికంటే ఎక్కువ పాపులా అని యేసు తానే ప్రశ్న వేసి, కాదని తానే జవాబిచ్చాడు. ఆ వెంటనే బతికున్నవారి వైపు తిరిగి మారుమనస్సు గురించి మాట్లాడాడు. లూకా 13 మొదటి వచనాలు మళ్లీ చదవండి. చనిపోయినవారి తప్పుల లెక్క ఆయన తీయలేదు. నిలబడి వింటున్నవారి లెక్క అడిగాడు. మనవాళ్లు దీన్ని తలకిందులు చేశారు. విషం తిన్నవారిని మారుమనస్సు పొందమన్నారు, విషం చల్లినవారి సంగతి ఎత్తలేదు.

ఈ ప్రాంతంలో నీటి గురించి మాట్లాడుతూ కాటన్ దొరను తలవకుండా ఉండలేం. 1830ల కరువు ఈ నేలను ఖాళీ చేసింది. ఆ రోజుల్లో కరువును దైవనిర్ణయం అని సరిపెట్టుకున్నవారు దొరల్లోనూ ఉన్నారు, మనవాళ్లలోనూ ఉన్నారు. ఆర్థర్ కాటన్ భక్తిపరుడైన క్రైస్తవుడు. ఆయన కుమార్తె లేడీ హోప్ సువార్తికురాలు. ఆ భక్తి ఆయన్ను సరిపెట్టుకోనివ్వలేదు. దేవుడు గోదావరిలో నీళ్లిచ్చి, మనిషికి తెలివి ఇచ్చి, నీళ్లన్నీ సముద్రంలోకి పోతుంటే జనం ఆకలితో చస్తుంటే తప్పు ఎవరిది అన్నట్టుగా ఆయన పై అధికారులను విసిగించాడు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వచ్చే కాలువ నీళ్లు ఆ పని ఫలమే. ఆయన పనిచేసింది కంపెనీ ప్రభుత్వానికి, ఆ ప్రభుత్వం శిస్తు లెక్క వేసుకునే డబ్బులిచ్చింది, అదీ నిజమే. అయినా పశ్చిమ గోదావరి రైతు ఇప్పటికీ ఆ దొర బొమ్మకు దండ వేస్తున్నాడంటే ఊరికే కాదు.

తుపానులు కూడా ఇదే చెబుతాయి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మంది పోయారన్నది ప్రభుత్వ లెక్క. 1990 మే నెలలో దాదాపు అదే తీరానికి అంతకు తగ్గని తుపాను వచ్చింది. చనిపోయినవారు వెయ్యి లోపే. గాలి ఒకటే, సముద్రం ఒకటే. మధ్యలో తుపాను షెల్టర్లు కట్టారు, ముందుగా హెచ్చరించారు, లక్షకు పైగా జనాన్ని ఖాళీ చేయించారు. 1977లో పోయినవారందరి గురించీ మనం ‘దేవుడు తీసుకున్నాడు’ అన్నాం. వారిలో ఎంతమందిని మనం పోనిచ్చామో లెక్క వేయలేదు. నెహెమ్యా గోడ కట్టేటప్పుడు ప్రార్థన చేశాడు, కావలి కూడా పెట్టాడు. కావలి పెట్టడం అవిశ్వాసమని అతనికి అనిపించలేదు.

అయితే బాధ్యత అన్నప్పుడు అందరినీ ఒకే గాటన కట్టడం కూడా అన్యాయమే. 2006లో గట్లు పడగొట్టినప్పుడు పెద్ద లీజుదారు వేరే చోట చెరువు వెతుక్కున్నాడు. కాపలా కూలీ, మేత వేసే కూలీ, వల లాగే కూలీ పస్తున్నారు. లంకల్లోని వడ్డీ కుటుంబాలు, మన దళిత క్రైస్తవ కుటుంబాలు వీళ్లలో ఎక్కువ. సంప్రదాయంగా వలలతో, మావులతో చేపలు పట్టుకునే హక్కు ఉన్నా, పట్టుకోవడానికి సహజమైన సరస్సు మిగలాలి కదా. ఎక్కువ ఇవ్వబడినవాని దగ్గర ఎక్కువ అడుగుతారని ప్రభువు చెప్పాడు. రోజు కూలికి గట్టు మీద మట్టి వేసినవాడిదీ, పట్నంలో కూర్చుని ఆ గట్టు మీద కోట్లు తీసినవాడిదీ ఒకే లెక్క కాదు. సంతకం పెట్టిన అధికారిదీ, ఓట్ల కోసం హద్దు జరుపుతానని చెప్పిన నాయకుడిదీ వేర్వేరు లెక్కలు. ఎవరి లెక్క వారిది, ఎవరికీ సున్నా కాదు.

మరి సంఘం లెక్క? ఇక్కడ మాకు సిగ్గుగా ఉంది. కొత్త చెరువుకు నీళ్లు పెట్టే రోజున ప్రార్థనకు పిలిస్తే వెళ్లాం. గట్టు మీద నిలబడి, ఈ చెరువును ఆశీర్వదించు ప్రభువా అన్నాం. అది ఏ కాంటూరులో ఉందో అడగలేదు. పట్టుబడి బాగుంటే కృతజ్ఞత కానుక వచ్చింది, ఆ కానుకతో మందిరానికి టైల్స్ వేశాం, సౌండ్ సిస్టమ్ కొన్నాం. వరద వచ్చినప్పుడు అదే సౌండ్ సిస్టమ్‌లో దేవుని చిత్తం గురించి ప్రసంగించాం. ఆశీర్వాదం వచ్చినప్పుడు ఆయన పేరు, నీళ్లొచ్చినప్పుడూ ఆయన పేరే. మధ్యలో మన పేరు ఎక్కడా రాలేదు.

దావీదు జనాభా లెక్క తీయించిన సంగతిని లేఖనం రెండుసార్లు చెబుతుంది. 2 సమూయేలు 24లో దావీదును ప్రేరేపించింది దేవుడే అన్నట్టుంటుంది, 1 దినవృత్తాంతములు 21లో సాతాను. వేదాంతులకు ఇది ఎడతెగని చర్చ. తెగులు వచ్చి డెబ్భై వేల మంది రాలిపోతుంటే దావీదుకు ఆ చర్చకు మంచి అవకాశం ఉంది. నీవు ప్రేరేపించావు గనుకనే చేశాను అనవచ్చు, సాతాను మీద నెట్టవచ్చు. ఆయన అన్నది వేరు. పాపం చేసింది నేను, ఈ గొర్రెలు ఏం చేశాయి అన్నాడు. ఆ ప్రార్థనలో దేవుని సార్వభౌమత్వానికి ఎక్కడా లోటు రాలేదు. రాజు లెక్క రాజే ఒప్పుకున్నాడు. మన ప్రాంతంలో గొర్రెలు నీళ్లలో నిలబడి, తమ పాపమేమిటో అని దేవుణ్ణి అడుగుతున్నాయి. లెక్క తీయించినవారు శుభ్రమైన బట్టలతో ముందు వరుసలో కూర్చుంటున్నారు.

ఈ సంవత్సరం నుంచి మేము సేవ చేసే సంఘాల కమిటీ ఒక చిన్న తీర్మానం చేసింది. చెరువు ప్రతిష్ఠకు పిలుపు వస్తే, అది అభయారణ్యం హద్దు లోపల ఉందో బయట ఉందో చూపే కాగితం అడిగిన తర్వాతే వెళ్లాలి. లోపల ఉంటే గట్టు మీద ప్రార్థన చేయం. ఆ కుటుంబం కోసం ఇంటి దగ్గర చేస్తాం. కానుక వెనక్కి ఇవ్వడం గురించి కమిటీలో గట్టి వాదనే జరిగింది, ఇంకా తేలలేదు.

తీర్మానమైన నెలలోనే ఒక సంఘపెద్ద పిలవడానికి వచ్చారు. మంచి మనిషి, వరదల్లో తన పడవలు రెండు ఉచితంగా ఇచ్చినవారు. కాగితం అడిగాం. ఆయన నవ్వారు. ‘ఇన్నేళ్లలో ఏ ఆఫీసరూ అడగలేదండీ అయ్యగారూ, మీరు అడుగుతున్నారేంటి?’ అన్నారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. టీ తాగకుండానే వెళ్లిపోయారు. ఆ ఆదివారం ఆరాధనకు రాలేదు. పై ఆదివారం వచ్చారు, చివరి వరుసలో కూర్చున్నారు. ఆశీర్వచనం అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి, సర్వే నంబరు రాసిన చీటీ ఒకటి మా చేతిలో పెట్టారు.